తాళాల మాస్టారి నల్ల తెర

ఆయన అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ అక్కర్లేదు. తాళాల మాస్టారంటే చాలు, చిన్నపిల్లలు కూడా ఇల్లు చూపిస్తారు. బీరువాకి తాళం, బీరువా ఉన్న గదికి తాళం, ఆ గది తాళంచెవి పెట్టుకునే సొరుగుకి ఇంకో తాళం. సొరుగు తాళంచెవి మాత్రం మెడలో దారానికి వేలాడుతుంది. స్నానానికి వెళ్లేటప్పుడైనా దాన్ని తీస్తాడా అంటే, తీయడు. ఇంతా చేసి ఆ ఇంట్లో దొంగలెత్తుకుపోయేంత సొత్తు ఏముందయ్యా అంటే, పువ్వులు, ఆకులు, తీగలు. అవి కూడా కంప్యూటర్‌లో.

మాస్టారి పని ఎంబ్రాయిడరీ మిషన్లకు డిజైన్లు తయారుచేయడం. ఆకు గీసేస్తే అయిపోయే పని కాదది. సూది ఎక్కడ దిగాలి, ఎటు తిరగాలి, ఏ రంగు దారం దగ్గర ఆగాలి అన్నది కుట్టు కుట్టుకీ కంప్యూటర్‌కి చెప్పాలి. అలా చెప్పినదాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసి ఇస్తే, మిషన్ల షాపువాళ్లు దాన్ని గుచ్చి మీట నొక్కుతారు. ఇక సూది తనంతట తనే గబగబా కుట్టుకుపోతుంది. బట్ట మీద ఆకు లేచి నిలబడాలంటే కుట్ల వాలు తెలిసుండాలి. మాస్టారికి ఆ వాలు బాగా తెలుసు. అందులో మాత్రం ఆయన్ని ఎవరూ వేలెత్తి చూపలేరు.

వేలెత్తి చూపాల్సినవన్నీ వేరే ఉన్నాయి. పనిగదిలో బల్ల గుమ్మానికి ఎదురుగా ఉంటుంది, ఆయన వీపు గోడకి, మొహం గుమ్మానికి. తెరలో ఏముందో ఆయనకి తప్ప ఎవరికీ కనిపించకూడదు. గుమ్మంలో నీడ కదిలితే చాలు, ఎడమచేత్తో కిటికీ బొమ్మ ఉన్న మీట, కుడిచేత్తో ఎల్ మీట కలిపి టక్కున నొక్కేస్తాడు. తెర మూసుకుపోయి, పాస్‌వర్డ్ చెబితే తప్ప తెరుచుకోనని భీష్మించుకు కూర్చుంటుంది. వచ్చింది టీ పట్టుకొచ్చిన భార్యే అయినా సరే. టీ గ్లాసు అందుకునే చెయ్యి ఒకటి, గుట్టు మూసే చెయ్యి ఇంకొకటి. కంప్యూటర్ ఆన్ కాగానే తను చివరగా చూసినవన్నీ వాటంతట అవే తెరుచుకునేలా కూడా పెట్టించుకున్నాడు. తను లేనప్పుడు ఎవరైనా వేలు పెడితే, పెట్టింది పెట్టినట్టు ఉండదు కాబట్టి దొరికిపోతారని లెక్క. మెకానిక్‌ని సైతం ఎప్పుడూ ఒకే మనిషిని పిలవడు. ఒకే మనిషి వస్తే కంప్యూటర్ పూర్తిగా తెలిసిపోతుందట.

ఇలాంటి మనిషి ఇంట్లోకి బావ వచ్చి పడ్డాడు.

బావంటే భార్యకి సొంత అన్నయ్య. అంతకంటే ముందు మాస్టారికి గురువు. మిషన్లు రాని రోజుల్లో ఈ బావ చట్రానికి బిగించిన బట్ట ముందు కూర్చుని చేత్తో కుట్టేవాడు. మాస్టారు ఆ చట్రం పక్కనే కూర్చుని పని నేర్చుకున్నాడు. తప్పు కుట్టు పడితే బావ తిట్టేవాడు కాదు. చూసేవాడు, అంతే. కుట్టు విప్పేదాకా చూస్తూనే ఉండేవాడు. తిట్లయితే దులిపేసుకోవచ్చు, ఆ చూపుని దులిపేసుకోవడం ఎవరి తరమూ కాదు. తర్వాత చెల్లెల్ని ఇచ్చి పెళ్లి చేశాడు. ఆ తర్వాత మిషన్లొచ్చాయి. మాస్టారు చట్రం వదిలి కంప్యూటర్ ముందుకి వెళ్లిపోయాడు. వెళ్లేవాడు ఊరికే వెళ్లకుండా, చేతి కుట్టు చచ్చిపోయింది బావా అని ఓ మాట విసిరేసి మరీ వెళ్లాడు. అప్పట్నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

ఇప్పుడు బావకి మాటే లేదు. పక్షవాతం వచ్చి కుడిపక్కంతా పడిపోయింది, నాలుక కదలదు. సూది పట్టిన చెయ్యి దుప్పటి మీద పడి ఉంటుంది. ఎడమచేతి వేళ్లు మాత్రం కాస్త ఆడతాయి. చూసుకునే దిక్కు లేక చెల్లెలు తీసుకొచ్చి, పనిగది పక్కన, పాడైపోయిన టీవీ ఉన్న గదిలో మంచం వేసింది. మాస్టారు వద్దనలేదు. వద్దనలేదంటే సరేనన్నట్టు కాదు. మూతి ముడుచుకుని నాలుగు రోజులు అన్నం తిన్నాడు, అంతే.

ఆ తర్వాత బుర్రలో దూరింది అసలు పురుగు, అనుమానం. నోరు పడిపోయింది సరే, కళ్లు పడిపోలేదు కదా అనుకున్నాడు. ఒకనాడు భార్య బతిమాలింది, అన్నయ్యని కాసేపు కుర్చీలో మీ గదిలో కూర్చోబెడదాం, మీరు గీస్తుంటే చూస్తాడు, పాపం గోడ చూసి చూసి విసిగిపోతున్నాడని. మాస్టారు ఒంటికాలి మీద లేచాడు. నా గదిలో ఎవరూ వద్దన్నాడు. ఆవిడ ఇంకో మాట అనలేదు. అనకపోవడం కూడా ఆయనకి అనుమానంగానే తోచింది.

అంతలో వీధి మలుపులో కొత్త కుట్టు షాపు తెరుచుకుంది. దాని యజమాని కూడా ఒకప్పుడు బావ చట్రం దగ్గర పని నేర్చుకున్నవాడే, ఇస్త్రీ నలగని చొక్కాల సోగ్గాడు. ఆ షాపు అద్దాల వెనక బొమ్మకి తొడిగిన గౌను చూసి మాస్టారు నడిరోడ్డు మీద నిలబడిపోయాడు. మెడ చుట్టూ తీగ, తీగకి ఆకులు, వాటిలో ఒక ఆకు మాత్రం సగానికి మడత పడి వెనకవైపు చూపిస్తోంది. ఆ మడత ఆకు తనది. తన ప్రతి డిజైన్‌లోనూ ఓ మూల ఆ ఆకు ఉంటుంది. అది మొట్టమొదట ఎవరి చేతి కిందనుంచి వచ్చిందో, సోగ్గాడూ తనూ పక్కపక్కన కూర్చుని ఎవర్ని చూసి నేర్చుకున్నారో మాస్టారికి ఆ క్షణాన గుర్తు రాలేదు. మనిషికి అక్కర్లేనివి గుర్తు రావు మరి.

ఇంటికి వస్తూనే లెక్కలు కట్టాడు. డిజైన్ బయటికి పోయింది. పోవాలంటే ఎవరో చూసుండాలి. ఇంట్లో కుట్టు తెలిసిన కళ్లు ఇంకో జతే ఉన్నాయి. గోడ అవతలే ఉన్నవాడికి చూడ్డానికి ఏదో సందు దొరక్కపోదు. మాట్లాడలేని మనిషి ఎలా చెబుతాడు? ఎడమచేతి వేళ్లున్నాయిగా, గీసి చూపిస్తాడు. గీసింది బయటికి ఎలా వెళ్తుంది? కాళ్లకి వ్యాయామం చేయించడానికి ఒకావిడ వచ్చి పోతోంది కదా, ఆవిడ సంచీ ఎప్పుడైనా ఎవరైనా చూశారా? ఇలా ఒక్కొక్కటీ అతికించుకుంటూ పోయాడు. అన్నీ చక్కగా అతుక్కున్నాయి. అనుమానానికి జిగురు బయట కొనక్కర్లేదు.

అప్పుడు వచ్చింది ఆయనకి ఆ ఆలోచన. మంచాన పడ్డవాళ్లని చూసుకునే హోములుంటాయి కదా. రోజూ భార్య మందుల షాపుకి పనికి వెళ్లగానే కంప్యూటర్ ముందు కూర్చుని వాటిని వెతికాడు. గదుల ఫొటోలు ఒక్కొక్కటే పెద్దవి చేసి చూశాడు. ఒకచోట మంచాలు మరీ దగ్గరగా ఉన్నాయి, వద్దనుకున్నాడు. ఇంకోచోట ఒకావిడ ఓ ముసలాయనకి చెంచాతో తినిపిస్తున్న ఫొటో ఉంది, అది కాసేపు చూశాడు. చివరికి ఒక హోములో కిటికీ పక్క మంచం నచ్చింది. ఫోన్ చేసి మాట్లాడాడు. రేపు పొద్దున, భార్య పనికి వెళ్లాక, వాళ్ల వ్యాను వస్తుంది. సాయంత్రం ఆవిడ వచ్చాక, అంతా అతని మంచికేనని చెప్పొచ్చు. ఓ పూట ఏడుస్తుంది, సర్దుకుంటుంది. ఇదీ మాస్టారి పథకం. సిగ్గుపడ్డాడా అంటే, పడ్డాడు. కానీ డిజైన్లు కాపాడుకోవాలి కదా అని ఆ సిగ్గుకి సర్దిచెప్పుకున్నాడు.

వ్యాను రావడానికి ముందురోజు మధ్యాహ్నం మాస్టారు ఆ మంచం ఫొటోని ఇంకోసారి తెరిచాడు. కిటికీకి తెర ఉందా లేదా అని పెద్దది చేసి చూస్తున్నాడు. గుమ్మంలో నీడ కదిలింది. చూస్తే భార్య. షాపు నుంచి ఆ వేళప్పుడు రావాల్సిన మనిషి కాదు. మాస్టారి చేతులు వాటంతట అవే మీటల మీదికి దూకాయి. ఒకసారి కాదు, కంగారులో టకటకా నాలుగైదుసార్లు నొక్కాడు. కళ్లు మాత్రం భార్య మొహం మీదే ఉన్నాయి. తెర నల్లగా అయిపోయింది.

తలనొప్పిగా ఉండి తొందరగా వచ్చేశానంది ఆవిడ. వచ్చి అన్నయ్య గదిలోకి వెళ్తే మళ్లీ అదే గొడవట.

"రెండు రోజుల్నించీ ఇదే వరస. మంచం కిందున్న బట్టల సంచీ చూపిస్తాడు, బయటికి తియ్యమంటాడు. తీస్తే చొక్కాలు అందులో పెట్టమంటాడు. ఎక్కడికన్నయ్యా అంటే కళ్లు మూసుకుంటాడు. మీకేమైనా అర్థమవుతోందా?"

తెలియదన్నాడు మాస్టారు. ఆవిడ బట్టలు ఉతికి ఆరేయడానికి పెరట్లోకి వెళ్లింది. మాస్టారికి మాత్రం అంతా అర్థమైపోయిందనిపించింది. పని పూర్తయింది, కావలసిన డిజైన్లన్నీ దొరికాయి, సోగ్గాడి దగ్గరికి పోవడానికి సంచీ సర్దుకుంటున్నాడు. రేపటిదాకా ఆగడం ఎందుకు, వ్యాను ఈ రోజే వస్తే బాగుండునని కూడా అనుకున్నాడు.

పాస్‌వర్డ్ కొట్టి తెర తెరవబోయాడు. తెరుచుకోలేదు. అసలు పాస్‌వర్డ్ అడిగే గడే లేదు, అంతా నలుపు. మీటలన్నీ నొక్కాడు, మౌస్ అటూ ఇటూ తోశాడు, తెర చెంప మీద రెండు తట్టాడు. చివరికి పవర్ మీట ఆరిపోయేదాకా నొక్కిపట్టి, మళ్లీ ఆన్ చేశాడు. ఫ్యాను తిరిగింది. కంపెనీ గుర్తు తెర మీద వెలిగింది. హమ్మయ్య అనుకునేలోపు అదీ పోయి మళ్లీ నలుపే. ఇంకోసారి ఆపి వేశాడు. మళ్లీ గుర్తు, మళ్లీ నలుపు.

లోపల తన డిజైన్లన్నీ ఉన్నాయి, వాటితోపాటు ఆ మంచమూ ఉంది. బాగుపడగానే అది తెర నిండా తెరుచుకుంటుంది. ఇదంతా ఎవరి పని? భార్య ఇవాళే ఎందుకు తొందరగా వచ్చింది? తలనొప్పి అన్న మనిషి బట్టలుతకడానికి ఎలా వెళ్లింది? ఎవరో ఏదో చేశారు. అందులో అనుమానమే లేదనుకున్నాడు, అనుమానం తప్ప ఇంకేమీ లేని మనిషి.

భార్యకి చెప్పకుండా వెళ్లి, ఎరిగినవాళ్లెవరూ లేని వీధిలోంచి ఒక మెకానిక్‌ని వెంటబెట్టుకొచ్చాడు. ఆవిడకి ముప్పై ఏళ్లుంటాయి, భుజాన సామాన్ల సంచీ, తల్లో దువ్వెనలా గుచ్చుకున్న స్క్రూడ్రైవర్. మాస్టారు ఆవిడకి ఎదురుగా కుర్చీ లాక్కుని, చేతులనే చూస్తూ కూర్చున్నాడు. ఆవిడ ఒక స్క్రూ విప్పి బల్ల మీద పెడితే దాన్ని తీసి తన జేబులో వేసుకున్నాడు. పెన్‌డ్రైవ్ బయటికి తీస్తే ఎందుకని అడిగాడు. దేనిలో ఏం పోసుకుపోతారో ఎవరికి తెలుసు?

"సార్, నేను మెకానిక్‌ని. దొంగతనానికైతే సంచీ తెచ్చుకునేదాన్ని కాదు, గోనె తెచ్చుకునేదాన్ని" అని నవ్వి, తన పని తను చేసుకుంది.

ముందు తెర వెనక వైరు ఊడదీసి గట్టిగా బిగించింది. నలుపే. డబ్బా మూత తీసి, లోపలున్న మెమరీ ముక్కని బయటికి లాగి, పిల్లలు పెన్సిల్ గీతలు చెరుపుకునే రబ్బరుతో దాని కాళ్లని రుద్ది, మళ్లీ టక్కుమనేలా కూర్చోబెట్టింది. కంపెనీ గుర్తు వచ్చింది, వెనకే నలుపు. గుర్తు కనిపిస్తోందంటే తెరకి రోగం లేదని తేల్చింది. కీబోర్డు మీద ఒక మీట నొక్కితే పక్కనున్న చిన్న దీపం వెలిగింది, మళ్లీ నొక్కితే ఆరింది. అంటే లోపల ప్రాణం ఉంది, మనం చెప్పేది వింటోంది అంది. ఇప్పుడు మీరు పాస్‌వర్డ్ కొట్టండి, కనిపించకపోయినా ఫర్వాలేదంది.

మాస్టారు ఆవిడని గోడవైపు తిరిగి నిలబడమన్నాడు. ఆవిడ తిరిగింది. ఆయన నల్లటి తెర ముందు ఒళ్లు దాచుకున్నట్టు వంగి, ఒక చేత్తో కీబోర్డుకి అడ్డం పెట్టుకుని, ఇంకో చేతి వేలితో ఒక్కొక్క అక్షరమే కొట్టాడు. స్పీకర్‌లోంచి గంట మోగినట్టు శబ్దం వచ్చింది. రోజూ కంప్యూటర్ తెరుచుకోగానే వచ్చే శబ్దమే.

"తెరుచుకుంది సార్. లోపల అంతా బాగానే ఉంది. బొమ్మ మాత్రం ఇటు రావట్లేదు" అంది మెకానిక్.

ఇటు రాకపోతే ఎటు పోతుందన్నాడు మాస్టారు. ఆవిడ టార్చి నోట కరుచుకుని బల్ల కిందికి దూరింది. కాసేపటికి అక్కడినుంచే అడిగింది.

"ఈ రెండో వైరు ఎక్కడికి వెళ్తోంది సార్?"

మాస్టారికి రెండో వైరు సంగతే తెలియదు. ఆయన కూడా బల్ల కిందికి వంగాడు. డబ్బా వెనకనుంచి ఒక వైరు తెరకి వెళ్తోంది. దాని పక్కనుంచే ఇంకొకటి బయల్దేరి, బీరువా వెనగ్గా, గోడ మొదలంటా పాకుతూ వెళ్లి ఒక కన్నంలో దూరింది. ఒకప్పుడు టెలిఫోను వైరు కోసం పొడిచిన కన్నమది. అందులోంచి ఎవరైనా చూస్తారేమోనని మాస్టారే ఒకప్పుడు కాగితాలు ఉండచుట్టి కుక్కాడు. ఆ ఉండలు ఇప్పుడు నేల మీద పడున్నాయి. గోడకి అవతల ఉన్నది బావ గది.

మాస్టారి మొహం కందగడ్డలా అయింది. ఇన్నాళ్లూ తను అనుకున్నది నిజమే. గోడకి కన్నం పెట్టి మరీ లాగుతున్నారు. వ్యాధి నాటకమేమో, నోరు పడిపోవడం కూడా నాటకమేమో. మెకానిక్‌ని అక్కడే ఉండమని చెప్పి, దబదబా అడుగులేసుకుంటూ వెళ్లి పక్కగది తలుపు తోశాడు.

బావ మంచం మీద దిండుకి ఆనుకుని ఉన్నాడు. ఎదురుగా గోడకి టీవీ. టీవీ నిండా మంచం.

కిటికీ పక్క మంచం. మాస్టారు పెద్దది చేసి చూసిన మంచమే. మౌస్ బాణం గుర్తు కూడా ఓ మూల కనిపిస్తోంది. ఫొటో పైన హోము పేరు, కింద ఇంకా నాలుగు గదుల ఫొటోలు. ఆయన కంప్యూటర్ మొత్తం ఈ గోడ మీదికి వచ్చి కూర్చుంది.

మాస్టారు టీవీ నుంచి గోడ కన్నం దాకా వైరుని కళ్లతో వెతుక్కుంటూ వెళ్లాడు. వైరు ఇవాళ వేసింది కాదు, దాని మీద దుమ్ము పేరుకుని ఉంది. అంటే ఇన్ని రోజులూ తను అక్కడ చూసిందంతా ఇక్కడ కనిపిస్తూనే ఉంది. రోజూ భార్య వెళ్లగానే తను హోములు వెతకడం. మంచాలు దగ్గరగా ఉన్నాయని వద్దనుకోవడం. చెంచాతో తినిపిస్తున్న ఫొటో దగ్గర ఆగడం. తనని ఎక్కడ పడేయాలా అని తన శిష్యుడు గదులు ఎంచుతుంటే, కదల్లేని మనిషి ఈ మంచం మీద పడుకుని ఒక్కొక్కటీ చూశాడు. చూసి, సంచీ సర్దమన్నాడు.

సంచీ అక్కడే ఉంది, మంచం పక్కన. దాని నోట్లోంచి చొక్కా చెయ్యి ఒకటి బయటికి వేలాడుతోంది.

మాస్టారు బావ వైపు చూశాడు. అక్కడ కోపం ఉంటే బాగుండేది. బావ ఊరికే చూస్తున్నాడు. తప్పు కుట్టు పడినప్పుడు చట్రానికి అవతలి పక్కనుంచి చూసే చూపే అది. మాస్టారికి సిగ్గుతో ఒళ్లు చచ్చిపోయింది. ఈసారి సర్దిచెప్పుకోవడానికి మాటలేవీ అందలేదు.

పెరటి తలుపు చప్పుడైంది. భార్య చెప్పుల శబ్దం వరండాలోకి వచ్చింది. మాస్టారు టీవీ వైపు చూశాడు, దాన్ని ఎలా ఆపాలో తోచలేదు. తన కంప్యూటరయితే చేతులు వాటంతట అవే దూకేవి. ఇక్కడ కాళ్లూ చేతులూ ఆడలేదు.

దుప్పటి మీద బావ ఎడమచెయ్యి కదిలింది. పక్కనే ఉన్న రిమోట్ మీదికి బొటనవేలు పాకుతూ వెళ్లింది. మొదటిసారి జారిపోయింది. చెల్లెలు గుమ్మం దాకా వచ్చేసింది. వేలు మళ్లీ ఎక్కి, వణుకుతూ, మీటని నొక్కింది.

టీవీ నల్లబడిపోయింది.

"మళ్లీ ఎందుకాపేశావన్నయ్యా, ఇందాక నేను వచ్చినప్పుడూ ఇంతే?" అంటూ లోపలికొచ్చిన భార్య, అక్కడ మాస్టారు నిలబడి ఉండటం చూసి ఆగిపోయింది. ఆయన మొహం చూసి వైరు సంగతి బయటపడిందనుకుంది. టీవీ బాగుచేసే ఆయన వచ్చినప్పుడు తనే పెట్టించానని, మీరు గది తాళం మరిచిపోయి పెన్‌డ్రైవ్ ఇవ్వడానికి వెళ్లినప్పుడు ఆయన వైరు లాగి ఏవో రెండు మీటలు నొక్కాడని, అక్కడ కనిపించేదే ఇక్కడా కనిపిస్తుందన్నాడని గబగబా చెప్పింది. మీరు గీస్తుంటే అన్నయ్య దుప్పటి మీద వేలితో గీసుకుంటూ ఉంటాడని, ఇక్కడికి వచ్చాక అతని మొహంలో కళ కనిపించింది అప్పుడేనని చెప్పింది. అడిగితే మీరు ఒప్పుకోరు కదా అంది చివర్న. తిట్టండి అన్నట్టు నిలబడింది.

మాస్టారు తిట్టలేదు. బావ కళ్లు మూసుకున్నాడు. అక్కడితో అయిపోయేదే. గుట్టు మళ్లీ గుట్టుగానే ఉండిపోయేది. తలుపు మూసి, తాళం వేసి, బతికినంతకాలం బతికేయొచ్చు.

పక్కగదిలోంచి మెకానిక్ కేకేసింది.

"దొరికింది సార్. కంప్యూటర్‌కి ఏమీ కాలేదు. తెర మూసే మీట అనుకుని మీరు ఎల్ బదులు దాని పైనున్న పీ నొక్కారు. దాంతో బొమ్మంతా ఆ రెండో వైరులోకి పోయింది. ఇప్పుడు ఇటు తిప్పాను. ఇక్కడేదో హోములో మంచం ఫొటో ఉంది, మూసెయ్యమంటారా?"

"ఏ మంచం?" అంది భార్య.

మాస్టారు బావ వైపు చూశాడు. బావ కళ్లు తెరిచి, తల కొంచెం అడ్డంగా ఆడించాడు. చెప్పకు అన్నట్టు. ఆ తల ఆడించడం చూశాకే మాస్టారు ఇక దాచలేకపోయాడు.

"బావ కోసం. బావని హోముకి పంపించేద్దామని చూశాను. రేపు పొద్దున వ్యాను రమ్మన్నాను, నువ్వు పనికి వెళ్లాక. నా డిజైన్లు మలుపు షాపువాడికి చేరవేస్తున్నాడనుకున్నాను. నేను వెతికిన హోములన్నీ ఈ టీవీలో బావకి కనిపించాయి."

భార్య ఆయన వైపు చూడలేదు. సంచీ వైపు చూసింది, దాని నోట్లోంచి వేలాడుతున్న చొక్కా చేతి వైపు చూసింది, నెమ్మదిగా మంచం అంచున కూర్చుంది.

"అందుకా అన్నయ్యా" అంది. బావ పనిచేసే చెయ్యి చాపి చెల్లెలి మోకాలి మీద పెట్టాడు.

మాస్టారు ఆ గదిలోనే, ఇద్దరికీ వినపడేలా హోముకి ఫోన్ చేశాడు. వ్యాను రావద్దు, రేపే కాదు, ఎప్పుడూ వద్దన్నాడు. అవతలివాళ్లు కారణం అడిగారు. తప్పు తనదేనని చెప్పి పెట్టేశాడు. తర్వాత నేల మీద చతికిలబడి సంచీ దగ్గరికి లాక్కున్నాడు. చొక్కాలు ఒక్కొక్కటే బయటికి తీసి, దులిపి, మళ్లీ మడతపెట్టి, గూట్లో పెట్టడం మొదలుపెట్టాడు. ఆయన మడతలు సరిగ్గా రావు. భార్య చూస్తూ ఊరుకుంది, సాయం చేయలేదు. బావ కూడా చూస్తూనే ఉన్నాడు, సంచీ ఖాళీ అయ్యేదాకా.

ఖాళీ సంచీ మడిచి మంచం కింద పెట్టి లేవబోతుంటే భార్య చెయ్యి చాపింది.

"ఆ తాళంచెవి ఇలా ఇవ్వండి."

మాస్టారు మెడలో దారం తల మీదుగా తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ దాన్ని కొంగున ముడేసుకుంది. ఆ సాయంత్రం ఆయనతో ఇంకో మాట మాట్లాడలేదు. ఆ తర్వాత చాలా రోజులు కూడా అక్కరకి తప్ప మాట్లాడలేదు. అది ఆవిడ హక్కు.

పనిగదిలో మెకానిక్ సంచీ సర్దుకుంటోంది. మూత బిగించడానికి స్క్రూలు కావాలంటే మాస్టారు జేబులోంచి తీసి ఇచ్చాడు. రెండో వైరు పీకెయ్యమంటారా అని అడిగిందావిడ. వద్దమ్మా, ఉండనీ, రెండుచోట్లా కనిపించేలా పెట్టి వెళ్లు అన్నాడు. ఆవిడ అలాగే పెట్టి, మళ్లీ ఏమైనా వస్తే పిలవమని నంబరు చెప్పింది. మాస్టారు ఆ నంబరు రాసి పెట్టుకున్నాడు. ఒక మెకానిక్ నంబరు రాసి పెట్టుకోవడం ఆయన జన్మలో అదే మొదటిసారి.

ఆవిడ వెళ్లాక కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. మంచం ఫొటో మూసేశాడు. మొన్నెప్పుడో సగంలో వదిలేసిన తీగ డిజైన్ తెరిచాడు. గోడ అవతల టీవీ ఇంకా నల్లగానే ఉందో, బావ మళ్లీ ఆన్ చేశాడో ఇక్కడినుంచి తెలిసే దారి లేదు. లేచి వెళ్లి చూద్దామా అని ప్రాణం కొట్టుకుంది. పాత పురుగు అంత తేలిగ్గా చస్తుందా? గదమాయించి కూర్చోబెట్టుకున్నాడు. చూడాలో వద్దో బావ ఇష్టం.

తీగ చివర మడత ఆకు దగ్గరికి వచ్చాడు. మామూలుగా ఆ ఆకుని కళ్లు మూసుకుని గీసేస్తాడు. ఇవాళ మాత్రం దాన్ని తెర నిండా పెద్దది చేసి, చట్రం దగ్గర నేర్చుకున్న వరసలోనే, ఒక్కొక్క కుట్టూ అవతల చూసేవాళ్లకి కనిపించేలా నెమ్మదిగా వేసుకుంటూ పోయాడు. మధ్యలో ఒక కుట్టు వాలు తప్పింది. తప్పిందని ఎవరూ అనకుండానే విప్పి, మళ్లీ వేశాడు.